పౌడర్ కోటింగ్ లైను ఓవర్‌హెడ్ చైన్ కన్వేయర్‌కు ఏ డ్రైవ్ యూనిట్ తీసుకోవాలి?

ప్రశ్న: చర్లపల్లి_ఫ్యాబ్

నమస్కారం. చర్లపల్లి పారిశ్రామికవాడలో విద్యుత్ ప్యానెల్ పెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ మాది. ఇంతకాలం పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి ఓవెన్‌లో వేడిచేసి పట్టించడం) బయట చేయించుకుంటున్నాం. ఈ ఏడాది సొంత లైను వేసుకుంటున్నాం. సరుకును వేలాడదీసి తిప్పే చైనును లాగే డ్రైవ్ యూనిట్ విషయంలో రెండు కొటేషన్లు వచ్చాయి. రెండింటికీ పొంతన లేకపోవడంతో ఇక్కడ అడుగుతున్నాను.

లైను చుట్టుకొలత 180 మీటర్లు. 100 మిల్లీమీటర్ల ఐ-బీము మీద 458 రకం రివెట్‌లేని ఫోర్జింగ్ చైను నడుస్తుంది. ఆ చైనుకు 12 కిలోన్యూటన్ల వరకు లాగుడు అనుమతించవచ్చునని దాన్ని అమ్మేవారి పత్రంలో ఉంది. ప్రతి 1.2 మీటర్లకు ఒక హ్యాంగరు, హ్యాంగరుకు గరిష్ఠంగా 60 కిలోల సరుకు ఉంటుంది. చైను, ట్రాలీలు, ఖాళీ హ్యాంగర్లు కలిపి మీటరుకు 15 కిలోలు. వేగం మామూలుగా నిమిషానికి 1.5 మీటర్లు, అవసరాన్ని బట్టి 0.8 నుంచి 2 మీటర్ల వరకు మార్చుకునే వీలు కావాలి. సరుకు ఎక్కించే చోట, పౌడర్ చల్లే బూత్ వద్ద, సరుకు దించే చోట లైను 2 మీటర్లు కిందికి దిగి మళ్ళీ పైకి ఎక్కుతుంది. తడి ఆరబెట్టే ఓవెన్‌లో 15 మీటర్లు, 190 డిగ్రీల క్యూరింగ్ ఓవెన్‌లో 30 మీటర్లు చైను లోపలి నుంచే వెళ్తుంది. 90 డిగ్రీల మలుపులు 8, 180 డిగ్రీల మలుపులు రెండు ఉన్నాయి. ఆ రెండింటిలో ఒకటి కడిగే టన్నెల్ దాటాక, రెండోది సరుకు దించే చోటికి కాస్త ముందు వస్తాయి.

మొదటి విక్రేత 1.5 కిలోవాట్ల మోటారుతో స్ప్రాకెట్ (పళ్ళచక్రం) డ్రైవ్ ఇస్తామంటున్నారు. దాన్ని టన్నెల్ దాటాక వచ్చే 180 డిగ్రీల మలుపు దగ్గర, చైను వదులును లాగి పట్టే టేక్-అప్‌ను రెండో 180 డిగ్రీల మలుపు దగ్గర పెడతారట. రెండో విక్రేత 0.75 కిలోవాట్ల క్యాటర్‌పిల్లర్ డ్రైవ్‌ను (చిన్న చైనుతో నెట్టేది) సరుకు చల్లారే భాగం చివర తిన్నని ట్రాక్ మీద పెట్టి, దాని వెంటనే టేక్-అప్ ఇస్తామంటున్నారు. ఈ రెండోదాని ధర మొదటిదానికి దాదాపు రెట్టింపు. సగం శక్తి ఉన్న మోటారుకు రెట్టింపు ధర ఎందుకు పెట్టాలని మా భాగస్వామి అడుగుతున్నారు. నా దగ్గర కూడా సమాధానం లేదు. అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు 1: పుణె_డిజైన్

మీ భాగస్వామి గారి సందేహం సహజమైనదే, కానీ ఓవర్‌హెడ్ కన్వేయర్ డ్రైవ్‌ను కిలోవాట్లతో కొలవడం మొదలుపెడితే ఎంపిక అంతా దారి తప్పుతుంది. ఇంత నెమ్మదిగా నడిచే యంత్రానికి శక్తి చాలా తక్కువే కావాలి, బలం మాత్రం చాలా ఎక్కువ కావాలి. కాబట్టి ముందుగా తేల్చవలసింది చైన్ పుల్, అంటే డ్రైవ్ దగ్గర చైనును ఎన్ని న్యూటన్ల బలంతో లాగవలసి వస్తుందన్న లెక్క. మీరు వివరాలన్నీ ఇచ్చారు కనుక ఆ లెక్క ఇక్కడే వేసి చూద్దాం.

ఖాళీ చైను, హ్యాంగర్ల బరువు 180 మీటర్లకు 2,700 కిలోలు. సరుకు మీటరుకు 50 కిలోల చొప్పున, నిండిన భాగం 150 మీటర్లనుకుంటే, 7,500 కిలోలు. మొత్తం 10,200 కిలోలు, అంటే సుమారు 100 కిలోన్యూటన్ల బరువు కదులుతోంది. నూనె సరిగా పట్టిన ట్రాలీ చక్రాలకు ఘర్షణను 3 శాతంగా తీసుకుంటే 3 కిలోన్యూటన్లు వస్తుంది. ఓవెన్లలోని 45 మీటర్లలో నూనె ఆరిపోయి ఘర్షణ పెరుగుతుంది కనుక అక్కడ మరో 2 శాతం కలుపుకుంటే మొత్తం 3.6 కిలోన్యూటన్ల దగ్గరికి చేరుతుంది.

ఎక్కుడు, దిగుడు లెక్కలోనే చాలామంది పొరబడతారు. లైను అంతా సమానంగా నిండి ఉన్నప్పుడు దిగే బరువు ఎక్కే బరువును మోస్తుంది కాబట్టి ఆ లెక్క రద్దయిపోతుందని పుస్తకాల్లో ఉంటుంది, అది నిజమే. కానీ ఉదయం షిఫ్టు మొదలైనప్పటి పరిస్థితి ఊహించండి: ఎక్కించే చోట ఎక్కుడు మీద సరుకుంది, బూత్ దాటాక ఎక్కుడు మీదా సరుకుంది, మధ్యలో కాసేపు పని ఆగి హ్యాంగర్లు ఖాళీగా వచ్చినందువల్ల బూత్ వైపు దిగుడు ఖాళీగా ఉంది, దించే చోటి దిగుడుకు ఇంకా సరుకే చేరలేదు. అప్పుడు రెండు ఎక్కుళ్ళ బరువును ఏదీ తూచదు. ఒక్కో ఎక్కుడుకు 2 మీటర్లు, మీటరుకు 50 కిలోలు, అంటే దాదాపు 1 కిలోన్యూటన్. రెండింటికి కలిపి 2. మొత్తం 5.6 అయింది. ప్రతి మలుపూ అప్పటికి పోగైన లాగుడును కాస్త పెంచుతుంది కనుక మలుపులకు మరో 15 శాతం వేసుకుంటే సుమారు 6.5 కిలోన్యూటన్లు. దీనికి ఒకటిన్నర రెట్ల వెసులుబాటు ఇస్తే మీకు కావలసినది 10 కిలోన్యూటన్ల డ్రైవ్. విక్రేతలిద్దరినీ అడగవలసిన మొదటి సంఖ్య ఇదే, ఇది లేని కొటేషన్‌ను పక్కన పెట్టవచ్చు.

ఇప్పుడు శక్తికి వద్దాం. 6.5 కిలోన్యూటన్లను నిమిషానికి 2 మీటర్ల వేగంతో లాగడానికి కావలసినది 217 వాట్లు మాత్రమే. ఇంత పెద్ద తగ్గింపు నిష్పత్తి ఉన్న వార్మ్ గేర్‌బాక్స్‌లో (స్క్రూ లాంటి గేరు పళ్ళచక్రాన్ని తిప్పేది) సగం శక్తి వేడిగా పోయిందనుకున్నా 450 వాట్లు దాటదు. కాబట్టి 0.75 కిలోవాట్ల మోటారు చాలు. మరి 1.5 కిలోవాట్ల మోటారు పెడితే ఏమవుతుంది? అదే వేగానికి గేర్లు అమర్చినప్పుడు ఆ మోటారు తన మామూలు టార్క్‌తోనే (తిప్పే బలంతోనే) చైనును 22 కిలోన్యూటన్లకు పైగా లాగగలదు, స్టార్టింగ్ సమయంలో దానికి రెట్టింపు. మీ చైను పరిమితి 12. ఎక్కడైనా హ్యాంగరు ఓవెన్ తలుపుకు తగులుకున్న రోజున మోటారు ట్రిప్ కాదు, చైనే తెగుతుంది. 0.75 కూడా అమాయకమైనదేమీ కాదు, అదీ 11 వరకు లాగగలదు. అందుచేత ఏ మోటారైనా ఓవర్‌లోడ్ రక్షణ లేకుండా తీసుకోకండి.

ఇక స్థానం. డ్రైవ్ ఎక్కడ ఉంటే అక్కడికి ముందున్న చైను బిగుతుగానూ, దాటిన వెంటనే ఉన్న చైను వదులుగానూ ఉంటుంది. ఆ వదులును అక్కడికక్కడే పట్టుకోవడానికి టేక్-అప్ డ్రైవ్ పక్కనే ఉండాలి. మొదటి విక్రేత ప్రతిపాదనలో డ్రైవ్ నుంచి టేక్-అప్ వరకు రెండు ఓవెన్లు, బూత్ దాటి రావాలి. ఆ దూరమంతా ఉన్న ఘర్షణను మించి టేక్-అప్ బరువు లాగలేదు కనుక, వదులు చైను ఆరబెట్టే ఓవెన్ ముఖద్వారం దగ్గరే పోగుపడి కుదుపులతో కదులుతుంది. మోటారు తేడా కన్నా నాకు ఈ లోపమే పెద్దదిగా కనిపిస్తోంది.

అయితే రెండో విక్రేత చెప్పినంత ధర పెట్టనక్కరలేదని కూడా అనిపిస్తోంది. సరుకు చల్లారే భాగం చివర మీకు 90 డిగ్రీల మలుపు ఏదైనా ఉందా? ఉంటే స్ప్రాకెట్ డ్రైవ్‌నే అక్కడ పెట్టి, తర్వాత వచ్చే 180 డిగ్రీల మలుపును టేక్-అప్‌గా వాడుకోవచ్చు. ఇంత లాగుడుకు 90 డిగ్రీల పట్టు సరిపోతుంది.

జవాబు 2: గాజువాక_మెయింటెనెన్స్

పై లెక్కలతో ఏకీభవిస్తూ, రెండు రకాల డ్రైవ్‌లనూ రోజూ చూసుకునే వాడిగా కొన్ని విషయాలు చేర్చుతున్నాను.

స్ప్రాకెట్ డ్రైవ్‌లో పళ్ళచక్రం చైను లింకుల మధ్య నేరుగా పడి లాగుతుంది. భాగాలు తక్కువ, చూడవలసినవీ తక్కువే. క్యాటర్‌పిల్లర్‌లో మోటారు ముందు ఒక చిన్న చైనును తిప్పుతుంది, ఆ చిన్న చైనుకున్న డాగ్‌లు (పొడుచుకొచ్చిన పళ్ళు) కన్వేయర్ చైను లింకుల్లో దిగి దాన్ని ముందుకు నెడతాయి, వెనుక నుంచి బ్యాకప్ రోలర్లు చైను పక్కకు తప్పుకోకుండా ఆనించి ఉంచుతాయి. డాగ్‌లు, పిన్నులు, రోలర్లు, చిన్న చైను బిగింపు ఇవన్నీ అదనపు పనే. కానీ తిన్నని ట్రాక్ మీద ఎక్కడైనా పెట్టుకోవచ్చు, లైను పెంచినప్పుడు జరుపుకోవచ్చు, మలుపు కోసం వెతకనక్కరలేదు. పొడవు బాగా పెరిగి రెండు మూడు డ్రైవ్‌లు అవసరమైన కార్ఖానాల్లో క్యాటర్‌పిల్లర్‌కు తిరుగులేదు. 180 మీటర్ల ఒకే డ్రైవ్ లైనుకు, అనుకూలమైన చోట మలుపు దొరికితే, నా ఓటు స్ప్రాకెట్‌కే.

డాగ్‌ల విషయంలో మరో మాట. చైను అరిగి సాగే కొద్దీ లింకుల మధ్య దూరం పెరుగుతుంది, డాగ్‌ల మధ్య దూరం మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు డాగ్ లింకు మధ్యలో దిగకుండా అంచు మీద ఎక్కి, ప్రతి డాగ్‌కూ ఒక టక్కుమనే శబ్దం వస్తుంది. అది వినిపించినప్పుడు డ్రైవ్‌ను తిట్టుకోకుండా పది లింకుల పొడవు కొలిచి, కొత్త చైను పొడవుతో పోల్చి చూడాలి.

నూనె గురించి విక్రేతలు చివరలో ఒక వాక్యం రాసి వదిలేస్తారు, కానీ చైన్ పుల్‌ను నిజంగా నిర్ణయించేది అదే. మామూలు గ్రీజు 190 డిగ్రీల ఓవెన్‌లో బొగ్గులా గట్టిపడి చక్రాలను బిగించేస్తుంది. అధిక ఉష్ణోగ్రతకు పనికివచ్చే సింథటిక్ చైన్ ఆయిల్‌ను, వీలైతే ఆటోమేటిక్ లూబ్రికేటర్‌తో, ఓవెన్‌లోకి వెళ్ళే ముందు కాకుండా చైను చల్లబడిన చోట పట్టించండి. అందులో సిలికోన్ లేదని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, ఎందుకంటే సిలికోన్ చుక్క పడిన ప్యానెల్ మీద పౌడర్ అంటక గుంటలు పడతాయి, ఆ మచ్చలకు కారణం వెతకడానికి బూత్ అంతా విప్పవలసి వస్తుంది.

టేక్-అప్ ప్రయాణానికి కూడా లెక్క ఉంది. క్యూరింగ్ ఓవెన్‌లోని 30 మీటర్ల ఉక్కు చైను గది వేడి నుంచి సుమారు 160 డిగ్రీలు వేడెక్కితే 58 మిల్లీమీటర్లు సాగుతుంది, ఆరబెట్టే ఓవెన్‌లో మరో 16. మొత్తం 74 మిల్లీమీటర్లు. 180 డిగ్రీల టేక్-అప్‌లో రెండు వరుసలు పంచుకుంటాయి కనుక ఫ్రేము 37 మిల్లీమీటర్లు కదలాలి. ఇది ప్రతిరోజూ వెళ్ళి వచ్చే కదలిక. దీనికి అరుగుదల వల్ల వచ్చే సాగుడును చేర్చాలి. అందుకే స్క్రూతో బిగించే టేక్-అప్ ఇస్తామంటే ఒప్పుకోకండి, బరువుతోనో స్ప్రింగుతోనో తనంతట తాను సర్దుకునేది కావాలి.

జవాబు 3: ఆటోమేషన్_హొసూరు

విద్యుత్ వైపు నుంచి కొన్ని మాటలు. 458 చైనులో పళ్ళు ఒక లింకు విడిచి ఒక లింకులో పడతాయి. కాబట్టి 10 పళ్ళ స్ప్రాకెట్ ఒక్కసారి తిరిగితే సుమారు 2.05 మీటర్ల చైను కదులుతుంది. నిమిషానికి 2 మీటర్లంటే స్ప్రాకెట్ నిమిషానికి ఒక్క చుట్టు కూడా తిరగదు. మోటారు 1,440 చుట్లు తిరుగుతుంది కనుక మధ్యలో దాదాపు 1,475 రెట్ల తగ్గింపు కావాలి, అది రెండు గేర్‌బాక్సులు కలిస్తే గానీ రాదు. 10 కిలోన్యూటన్ల లాగుడుకు చివరి గేర్‌బాక్స్ మీద పడే టార్క్ 3,260 న్యూటన్ మీటర్లు. ధరలో తేడా అసలు ఇక్కడ ఉంటుంది, మోటారులో కాదు. కొటేషన్‌లో చివరి గేర్‌బాక్స్ అనుమతించే టార్క్ ఎంతో, ఏ సర్వీస్ ఫ్యాక్టర్‌తో (అదనపు వెసులుబాటుతో) ఇచ్చారో రాయించండి.

వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) పెడుతున్నారు కదా అని గేర్ నిష్పత్తిని తక్కువగా ఉంచి, 10 హెర్ట్జ్ దగ్గర మోటారును నడిపించే పద్ధతి మంచిది కాదు. మోటారు వెనుక ఫ్యాన్ కూడా అదే వేగంతో నెమ్మదిస్తుంది, కన్వేయర్ మాత్రం వేగం తగ్గినా అంతే టార్క్ అడుగుతుంది, దాంతో మోటారు వేడెక్కుతుంది. 50 హెర్ట్జ్‌కు 2 మీటర్లు వచ్చేలా నిష్పత్తి ఎంచుకుంటే 0.8 మీటర్లకు 20 హెర్ట్జ్ అవుతుంది, అది హాయిగా నడుస్తుంది. గంటల తరబడి అంత నెమ్మదిగానే నడపాలనుకుంటే విడిగా తిరిగే కూలింగ్ ఫ్యాన్ ఉన్న మోటారు అడగండి.

వీఎఫ్‌డీలో టార్క్ పరిమితి పెట్టవచ్చు, పెట్టాలి కూడా. అయితే అది మోటారు దగ్గరి టార్క్‌ను మాత్రమే చూస్తుంది, వార్మ్ గేరు సామర్థ్యం నూనె వేడిని బట్టి మారుతూ ఉంటుంది కనుక చైను మీది అసలు బలాన్ని ఖచ్చితంగా చెప్పలేదు. అందుకే ఫ్లోటింగ్ ఫ్రేము అడగండి. డ్రైవ్ మొత్తం ఒక కదిలే ఫ్రేము మీద స్ప్రింగుకు ఆనుకుని ఉంటుంది. చైన్ పుల్ పెరిగితే ఫ్రేము వెనక్కి జరిగి లిమిట్ స్విచ్‌ను నొక్కుతుంది, లైను ఆగిపోతుంది. లైను పూర్తిగా నిండిన రోజున ఫ్రేము ఎక్కడిదాకా జరిగిందో పెయింటుతో గీత పెట్టి, స్విచ్‌ను దానికి కొద్దిగా అవతల బిగించాలి. తర్వాత రోజుల్లో ఫ్రేము ఆ గీతను దాటుతుంటే ఎక్కడో చక్రాలు బిగుసుకున్నాయని ముందే తెలుస్తుంది.

వార్మ్ బదులు హెలికల్ (ఏటవాలు పళ్ళ) గేర్‌బాక్స్ ఇస్తామని ఎవరైనా అంటే సామర్థ్యం ఎక్కువన్న మాట నిజమే, కానీ అది వెనక్కి తిరగకుండా ఆపదు. సగం లైను ఖాళీగా ఉండి, నూనె బాగా పట్టి ఘర్షణ 2 శాతానికి దిగిన రోజున లైనును పట్టి ఉంచే ఘర్షణ సుమారు 1.3 కిలోన్యూటన్లే, రెండు ఎక్కుళ్ళ బరువు మాత్రం 2. కరెంటు పోతే లైను వెనక్కి జారవచ్చు. అందువల్ల హెలికల్ తీసుకుంటే బ్రేకు ఉన్న మోటారు తప్పనిసరి.

ఇక్కడికి సంబంధం లేకపోయినా ఒక చిన్న విషయం: ఈ ఫోర్జింగ్ చైను మొదట బొగ్గు గనులది. డెట్రాయిట్‌లో 1919లో కంపెనీ పెట్టిన జర్విస్ వెబ్ దాన్ని కార్ల కార్ఖానాల్లో తలపైకి ఎక్కించారు. పనిముట్టు లేకుండా చేత్తో విప్పి కలపగలిగే లింకు ఇప్పటికీ దాదాపు అలాగే ఉంది.

చర్లపల్లి_ఫ్యాబ్

అందరికీ కృతజ్ఞతలు. చల్లారే భాగం చివర 90 డిగ్రీల మలుపు నిజంగానే ఉంది. మొదటి విక్రేతతో మాట్లాడితే డ్రైవ్‌ను అక్కడికి మార్చి, 0.75 కిలోవాట్ల మోటారు, ఫ్లోటింగ్ ఫ్రేముతో కొత్త కొటేషన్ ఇస్తామన్నారు; క్యాటర్‌పిల్లర్ ధర కన్నా ఇంకా చాలా తక్కువగానే ఉంది. టేక్-అప్‌కు 150 కిలోల బరువు కడతామంటున్నారు. సరిపోతుందా?

పుణె_డిజైన్

సరిపోదండి. మీ టేక్-అప్ దాటిన తర్వాత లైను సరుకుతో 2 మీటర్లు కిందికి దిగుతుంది. ఆ దిగుడులో వేలాడే బరువు మీటరుకు 65 కిలోలు, కాబట్టి పైచివర చైనులో కనీసం 1,275 న్యూటన్ల లాగుడు ఉండాలి. 180 డిగ్రీల మలుపులో రెండు వరుసలు లాగుతాయి కనుక టేక్-అప్ మీద 2,550 న్యూటన్లు, అంటే 260 కిలోలు. అంతకన్నా తక్కువ బరువు కడితే దిగే సరుకే టేక్-అప్‌ను లోపలికి లాక్కుని, దించే చోట చైను వదులై వేలాడుతుంది. 300 కిలోలు కట్టమనండి. దానివల్ల చైను అంతటా దాదాపు 1.5 కిలోన్యూటన్ల అదనపు బిగుతు వస్తుంది. డ్రైవ్ దగ్గరి 6.5కు అది కలిపితే 8, మీ చైను పరిమితి 12 లోపలే ఉంటుంది. ఫ్లోటింగ్ ఫ్రేము స్ప్రింగు ఈ రెండు వైపుల లాగుడులో ఏ మేరకు మోస్తుందో మాత్రం, డ్రాయింగ్ మీద సంతకం పెట్టేముందే అడిగి, స్విచ్ ఎంత బలం దగ్గర లైనును ఆపాలో ఆ సంఖ్యను అందులో రాయించండి.